లంకలో నాలుగు రోజులు

బాలలారా! లంక అనగానే మీకు రావణాసురుడు, అతని పది తలలు, హనుమంతుడి తోక జ్ఞాపకం వస్తాయి కాబోలు. కాని మన గోదావరి నడుమ కూడా లంకలున్నాయి. వాటిలో రాక్షసులు లేరు. అరటితోటలు, కొబ్బరిచెట్లు, కూరగాయల పాదులు, పాడిపశువులు, కష్టపడి పనిచేసే మనుషులు ఉన్నారు. అటువంటి లంక ఒకదానిలో నేను నాలుగు రోజులు గడిపాను. అక్కడ వరద చూశాను. వరదతో పాటు ఒక లెక్క కూడా నేర్చుకొన్నాను. ఆ లెక్క నాకు నేర్పినది అయిదవ తరగతి పిల్ల. ముప్పై అయిదేళ్ళు బడిలో పాఠాలు చెప్పినవాడికి ఇది కొంచెం సిగ్గుపడవలసిన సంగతే. అయినా దాచకుండా చెపుతాను.

ముందు దారి చెప్పుకొందాం. రాజమహేంద్రవరం దిగువన ధవళేశ్వరం ఉన్నది. అక్కడ గోదావరికి అడ్డంగా సర్ ఆర్థర్ కాటన్ దొర కట్టించిన ఆనకట్ట 1852లో పూర్తి అయింది. ఇప్పుడు మనం చూసే బారేజి ఆ తరువాత కట్టినది. దానికి కాటన్ పేరే పెట్టారు. బారేజి దాటిన గోదావరి పాయలుగా చీలిపోతుంది. తూర్పుపాయ గౌతమి, పడమటిపాయ వశిష్ఠ. ఈ రెంటికీ సముద్రానికీ నడుమ ఉన్న ముక్కోణపు నేలే కోనసీమ. వశిష్ఠ నుంచి వైనతేయ అనే పాయ మళ్ళీ చీలి, కోనసీమ గుండా పోయి సముద్రంలో కలుస్తుంది. నది ఏటేటా తెచ్చి పోసిన ఒండ్రుమట్టితో ఈ పాయల మధ్య దిబ్బలు తేలాయి. అవే లంకలు. ఆ మట్టిలో ఏది వేసినా పండుతుంది. అందుకే వరద భయం ఉన్నా జనం ఆ నేలను విడిచిపెట్టరు.

నేను రావులపాలెం, కొత్తపేటల మీదుగా గన్నవరం చేరాను. కృష్ణాజిల్లాలో విమానాశ్రయం ఉన్న గన్నవరం వేరు. ఇది కోనసీమ గన్నవరం. ఇక్కడ ఒక వింత చూడవచ్చు. క్రింద వైనతేయ నది పారుతూ ఉంటుంది. దాని పైన వంతెన వంటి కట్టడం మీద పంటకాలువ పారుతూ ఉంటుంది! నీటి మీద నీరు నడుస్తున్నదన్నమాట. దీనిని అక్విడక్టు అంటారు. దీనికి డొక్కా సీతమ్మగారి పేరు పెట్టారు. ఆమె 1841 నుంచి 1909 వరకు జీవించిన మహాతల్లి. లంకల గన్నవరంలో ఏ వేళకు ఎవరు ఆకలితో వచ్చినా లేదనకుండా అన్నం పెట్టినది. ఆమెను జ్ఞాపకం ఉంచుకోండి. చివర మళ్ళీ ఆమె మాట వస్తుంది.

నా పాత శిష్యుడొకడు రేవులో నాకోసం పడవతో నిలబడి ఉన్నాడు. బడిలో ఉన్నప్పుడు వెనుక బల్ల మీద కూర్చొనే కుర్రవాడు. ఇప్పుడు అయిదెకరాల అరటితోటకు యజమాని.

"మాస్టారండీ, మంచి రోజుల్లో రమ్మంటే రారు. ఇదుగో, వరద వచ్చే వేళకు వచ్చారు" అన్నాడు నా సంచి అందుకొంటూ.

"వరద చూద్దామనే వచ్చానురా అబ్బాయీ" అన్నాను.

అది ఆగస్టు నెల. నదిలో ఎర్రనీరు వచ్చింది. లంకవాళ్ళు వరదను కొలిచే పద్ధతి తమాషాగా ఉంటుంది. ముందు భద్రాచలంలో నీటిమట్టం ఎన్ని అడుగులు ఉన్నదో అడుగుతారు. అక్కడి నీరు ధవళేశ్వరం చేరేసరికి ఇంచుమించు ఒక రోజు పడుతుంది. ఆ వ్యవధిలో పశువులను గట్టుకు తోలుకొని పోతారు. ధాన్యం అటక మీదికి ఎక్కిస్తారు. ధవళేశ్వరం వద్ద నీటిమట్టం 11.75 అడుగులు అయితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75 అయితే రెండవది, 17.75 అయితే మూడవది. 2022 జూలైలో భద్రాచలం వద్ద గోదావరి 71 అడుగులు దాటింది. ఆనాటి నీటి మరకను నా శిష్యుడు తన ఇంటి గోడ మీద చూపించాడు. అది నా భుజం ఎత్తున ఉన్నది.

ఆ ఇంట్లో నా శిష్యుడు, అతని భార్య, ఏడవ తరగతి చదివే కొడుకు బుజ్జి ఉన్నారు. ఇంటికి ఇంటర్నెట్టు కూడా ఉన్నది. అది వచ్చిన దారి చూస్తే మీకు ఆశ్చర్యం కలుగుతుంది. కరెంటు స్తంభాల మీదుగానే ఒక నల్లని తీగ వస్తుంది. దాని లోపల ఉన్నది రాగి కాదు, గాజు! వెంట్రుక మందాన ఉండే గాజుపోగు. దానిలో కరెంటు పారదు, వెలుతురు పారుతుంది. సెకనుకు సుమారు రెండు లక్షల కిలోమీటర్ల వేగంతో వెలుతురు ఆ గాజులో పరుగెత్తి, మన ఉత్తరాలనూ చిత్రాలనూ మోసుకొని వస్తుంది. ఇంట్లో ఉండే చిన్న పెట్టె ఆ వెలుతురును మనకు పనికివచ్చే సంకేతాలుగా మారుస్తుంది. గాజుపోగుకు కరెంటు అక్కరలేదు గాని ఆ పెట్టెకు కావాలి.

రెండవనాడు తెల్లవారేసరికి వరద మొదటి హెచ్చరిక దాటింది. ఊరి చివర ఒడ్డు పెళ్ళలు పెళ్ళలుగా విరిగి నదిలో పడుతున్నది. ఒడ్డున ఉన్న కరెంటు స్తంభం ఒకటి వంగి వంగి, అందరం చూస్తూ ఉండగానే నీళ్ళలోకి ఒరిగిపోయింది. ఊళ్ళో కరెంటు పోయింది. అదే స్తంభం మీద ఉన్న గాజుపోగు కూడా తెగింది. ఇంట్లో పెట్టె మీద ఎర్రదీపం సైతం ఆరిపోయింది.

"ఏం భయం లేదు, నా ఫోను ఉన్నది గదా" అనుకొన్నాను నేను. నా ఫోనులో రోజుకు ఒకటిన్నర గిగాబైట్ల డేటా వస్తుంది. డాబా మీద కూర్చొని, వరద వార్తలు చూడడం మొదలుపెట్టాను. నది నా కళ్ళ ఎదుటనే ఉన్నది. అయినా దానిని ఫోనులో చూస్తూ కూర్చొన్నాను! భద్రాచలం దగ్గర ఎట్లా ఉన్నది, పోలవరం దగ్గర ఎట్లా ఉన్నది అంటూ ఒకదాని తరువాత ఒకటి చూశాను. స్నేహితులు పంపిన వీడియోలు వాటంతట అవే ఫోనులో వచ్చి పడుతున్నాయి. మధ్యాహ్నం భోజనానికి లేచేసరికి ఫోనులో ఒక సందేశం వచ్చింది: నేటి డేటా పూర్తి అయినది అని.

పోతే పోయిందిలే, రాత్రి పన్నెండు గంటలకు మళ్ళీ వస్తుంది గదా అనుకొని పడుకొన్నాను.

సాయంకాలం నాలుగు గంటలకు పక్కింటి ఆయన పరుగెత్తుకొంటూ వచ్చాడు. వెనుక అతని కూతురు. పేరేదైనా అందరూ ఆ పిల్లను చిట్టి అంటారు. చేతిలో ఒక ప్లాస్టిక్ సంచి, దానిలో కాగితాలు.

సంగతి ఏమంటే, చిట్టి అయిదవ తరగతి. జవహర్ నవోదయ విద్యాలయంలో ఆరవ తరగతి ప్రవేశపరీక్ష వ్రాయాలని ఏడాదిగా చదువుతున్నది. ఈ విద్యాలయాలు 1985-86లో మొదలయినాయి. ఆరవ తరగతి నుంచి పన్నెండు వరకు చదువు, భోజనం, వసతి అన్నీ ఉచితం. సీట్లలో నూటికి 75 తక్కువ కాకుండా పల్లెటూరి పిల్లలకే ఇస్తారు. దరఖాస్తు మాత్రం ఇంటర్నెట్టులోనే పంపాలి. ఆ దరఖాస్తుకు ఆ రోజే చివరి రోజు.

"మీ ఇంట్లో ఇంటర్నెట్టు ఉంది గదా, కాగితాల మీద సంతకాలన్నీ అయ్యాక ఒక్కసారే పంపుదామని ఉండిపోయానండి" అన్నాడు ఆ తండ్రి నా శిష్యుడితో. "అవతలి ఒడ్డుకు పోయి నెట్ సెంటరులో చేయిద్దామంటే, ఉరవడి ఎక్కువైందని పడవలు ఆపేశారండి."

నా శిష్యుడు తన ఫోను తీశాడు. దానిలో సిగ్నలు అసలే లేదు. అతని కంపెనీ టవరు లంకలోనే ఉన్నది. టవరుకు కూడా కరెంటు కావాలి. కరెంటు పోతే కొన్ని గంటలు బ్యాటరీతో నడుస్తుంది, తరువాత డీజిలు ఇంజను కావాలి. పడవలు నిలిచిపోతే డీజిలు ఎట్లా వస్తుంది? చిట్టి తండ్రి చేతిలో ఉన్నది మీటల ఫోను. ఇక మిగిలింది నా ఫోను. నా కంపెనీ టవరు అవతలి గట్టు మీద ఉన్నది. అది పనిచేస్తున్నది. కాని నా డేటా?

బాలలారా, ఆ క్షణంలో నాకు కలిగిన సిగ్గు ఇంతా అంతా కాదు. రాత్రి పన్నెండింటికి నా డేటా తిరిగి వస్తుంది. కాని రాత్రి పన్నెండింటికే ఆ పిల్ల గడువు పోతుంది! కళ్ళ ఎదుట ఉన్న నదిని ఫోనులో చూడబోయి, ఒక పిల్ల ఏడాది చదువు నీళ్ళపాలు చేశానే అనిపించింది.

కాకినాడలో ఉన్న మా అమ్మాయికి ఫోను చేశాను, డేటాకు డబ్బు కట్టమని చెపుదామని. మాట్లాడడానికి డేటా వంతుతో పని లేదు. మూడుసార్లు మ్రోగింది, తీయలేదు. ఆస్పత్రిలో నర్సు ఉద్యోగం, డ్యూటీలో ఉన్నదన్నమాట. నా ఫోను బ్యాటరీ నూటికి ఇరవై రెండుకు దిగింది.

అప్పుడు బుజ్జి అన్నాడు: "తాతగారండీ, డేటా అయిపోతే పూర్తిగా ఆగిపోదండి. నెమ్మదిగా వస్తుందండి. 64 కేబీపీఎస్ అని వ్రాసి ఉంది చూడండి."

నిజమే. నా ఫోను పథకంలో రోజు వంతు అయిపోయినప్పుడు కుళాయి కట్టివేయరు. బొట్టు బొట్టుగా వదులుతారు. సెకనుకు 64 కిలోబిట్లు. "దానితో ఏం పని జరుగుతుందిరా!" అన్నాను విసుగుగా.

చిట్టి అంతవరకు మాట్లాడలేదు. ఇప్పుడు నెమ్మదిగా అడిగింది: "తాతగారండీ, ఎంత నెమ్మదండి?"

చూశారా! నేను నిట్టూర్పు విడిచిన చోట ఆ పిల్ల లెక్క అడిగింది.

బుజ్జి చెప్పాడు: ఎనిమిది బిట్లు అయితే ఒక బైటు. కాబట్టి 64 కిలోబిట్లు అంటే సెకనుకు 8 కిలోబైట్లు. చిట్టి తన నోటుబుక్కు తీసింది. పంపవలసినవి నాలుగు బొమ్మలు: తన ఫొటో, తన సంతకం, తండ్రి సంతకం, హెడ్మాస్టరుగారు సంతకం చేసిన పత్రం. ఫోనుతో తీసిన ఫొటో ఒక్కొక్కటి సుమారు 4 మెగాబైట్లు ఉన్నది. ఒక మెగాబైటు అంటే 1024 కిలోబైట్లు. నాలుగు అంటే 4096. దానిని 8 చేత భాగిస్తే 512 సెకనులు. అనగా ఒక్క బొమ్మకు ఎనిమిదిన్నర నిముషాలు, నాలుగు బొమ్మలకు అరగంట పైన! అంతసేపు సిగ్నలు నిలుస్తుందన్న నమ్మకం లేదు; మధ్యలో తెగితే మళ్ళీ మొదటికి వస్తుంది.

"అయితే బొమ్మలు చిన్నవి చేస్తే?" అన్నది చిట్టి.

అసలు దరఖాస్తు నియమాలలోనే, బొమ్మలు ఇంతకు మించకూడదని వ్రాసి ఉన్నది. బుజ్జి నా ఫోనులోనే ఒక్కొక్క బొమ్మ అంచులు కత్తిరించి, కుదించి, 80 కిలోబైట్లకు తెచ్చాడు. ఈ పనికి ఇంటర్నెట్టు అక్కరలేదు. అక్షరాలు మాత్రం చక్కగా చదవడానికి వీలుగా ఉన్నాయి. 80ని 8 చేత భాగించండి. పది సెకనులు! నాలుగు బొమ్మలకు నలభై సెకనులు. అరగంట పని నలభై సెకనులకు దిగింది.

అందరం డాబా ఎక్కాము. అవతలి గట్టు మీది టవరుకు, మాకు నడుమ చెట్లు అడ్డం లేని మూల ఏదో చూసుకొన్నాము. టవరు నుంచి వచ్చేవి రేడియో అలలు. గోడలూ, తడిసిన ఆకులూ వాటిని మ్రింగివేస్తాయి. అందుచేత ఎత్తున, ఎదురుగా ఉంటే మంచిది.

బుజ్జి మరొక మంచిమాట చెప్పాడు. "మనం ఒక పని చేస్తూ ఉంటే, ఫోను లోపల ఇంకో పది పనులు చేస్తూ ఉంటుందండి" అన్నాడు. వీడియోలు దించుకోవడం, ఫొటోలు దాచుకోవడం, యాప్‌లు కొత్తవిగా మార్చుకోవడం, ఇవన్నీ చాటుగా జరుగుతాయి. సన్నని దారిలో పది బండ్లు దూరితే ఏ బండీ కదలదు. వాడు సెట్టింగులలో డేటా సేవరు అనే మీట నొక్కాడు. ఇక ఎదుట ఉన్న పనికే దారి.

దరఖాస్తు పేజీ తెరుచుకోవడానికే ఆరు నిముషాలు పట్టింది. ఎవరమూ మాట్లాడలేదు. వివరాలు ముందే నోటుబుక్కులో వ్రాసి ఉంచుకొన్నాము కనుక తడుముకోలేదు. చిట్టి చదువుతూ ఉంటే బుజ్జి నొక్కాడు. నేను తప్పులు చూశాను. మూడవ బొమ్మ దగ్గర సిగ్నలు పోయింది. చిట్టి తండ్రి కళ్ళు మూసుకొన్నాడు. రెండు నిముషాలకు మళ్ళీ వచ్చింది. అయిదు గంటల యాభై నిముషాలకు తెర మీద నమోదు సంఖ్య కనిపించింది. చిట్టి దానిని రెండుసార్లు సరిచూసుకొని వ్రాసుకొన్నది. అప్పటికి నా బ్యాటరీ నూటికి తొమ్మిది.

"ఆయ్, అయిపోయిందండి!" అన్నాడు తండ్రి, ఇంకేమీ అనలేకపోయాడు.

రాత్రి మా అమ్మాయి ఫోను చేసింది. "నాన్నా, మూడుసార్లు చేశారు, వరద ఇంట్లోకి వచ్చిందా?" అని ఒకటే కంగారు. లేదమ్మా, నాకు లెక్క రాక చేశాను అని చెప్పాను.

మూడవనాడు ఆ ఇంట్లో డేటా పద్దు మొదలుపెట్టాము. గోడ మీద సుద్దముక్కతో వ్రాశాము. నడుస్తున్న ఫోను నాది ఒక్కటే. ఒకటిన్నర గిగాబైట్లు అంటే 1536 మెగాబైట్లు. దానిలో దేనికి ఎంత? పెద్ద తెరకు తగిన స్పష్టమైన వీడియో గంట చూస్తే ఒక గిగాబైటు పైన పోతుంది. అదే వీడియో అన్నిటికన్న తక్కువ నాణ్యతలో చూస్తే సుమారు వంద మెగాబైట్లతో సరిపోతుంది. వ్రాసిన వార్త, పంపిన ఉత్తరం లెక్కకు కూడా రావు, కొద్ది కిలోబైట్లే. కాబట్టి వరద సమాచారం చదివి తెలుసుకోవాలి, చూసి కాదు అని నియమం పెట్టాము. రోజు వంతులో సగం సాయంకాలం దాకా ముట్టుకోకూడదు. ఎవరికి ఏ అవసరం వస్తుందో! మిగిలినది రాత్రి నిద్రపోయే ముందు వాడుకోవచ్చు, ఎందుకంటే పన్నెండు దాటితే అది ఎట్లాగూ పోతుంది.

ఆనాడు ఒక పొరపాటు కూడా జరిగింది. నా శిష్యుడు అరటి బేరగాడికి ఉత్తరం పంపాలని, నా ఫోను హాట్‌స్పాట్‌తో తన ల్యాప్‌టాప్ కలిపాడు. ఉత్తరం అయిదు వాక్యాలే. కాని పది నిముషాలలో నాలుగు వందల మెగాబైట్లు ఖర్చయినాయి! ల్యాప్‌టాప్ తన ఇంటి తీగ వచ్చిందనుకొని, వారాల నుంచి బాకీ ఉన్న మార్పులన్నీ దించుకోవడం మొదలుపెట్టింది. కంప్యూటరుకు మనం ముందే చెప్పాలి, ఇది మీటరు కనెక్షను, పొదుపుగా వాడు అని. ఆ మీట కంప్యూటరులోనే ఉంటుంది.

ఫోనులకు చార్జింగు ట్రాక్టరు బ్యాటరీ నుంచి పెట్టాము. సిగ్నలు అందని చోట ఫోను టవరును వెదుకుతూ బ్యాటరీని త్వరగా తినివేస్తుంది. అందుకని పని లేనప్పుడు విమానం గుర్తు మీట నొక్కి ఉంచాము.

నాలుగవనాడు వరద తీసింది. పడవలో మనుషులు వచ్చి కొత్త స్తంభం పాతారు. తెగిన గాజుపోగును అతికే పని చూడడం నాకు పెద్ద వేడుక. రాగితీగ అయితే మెలివేసి కలపవచ్చు. గాజును మెలివేయలేము గదా! రెండు కొసలను సూటిగా కోసి, ఒక చిన్న యంత్రంలో ఎదురెదురుగా పెడతారు. యంత్రం వాటిని సరిగా ఒక వరుసకు తెచ్చి, విద్యుత్తు మెరుపుతో కరిగించి అతుకుతుంది. పని అంతా కొద్ది నిముషాలే. ఆ యంత్రమూ, ఆ మనిషీ లంకకు చేరడానికే మూడు రోజులు పట్టింది.

నేను పడవ ఎక్కుతూ ఉంటే చిట్టి వచ్చింది. తరువాత ఆ పిల్ల ప్రవేశపరీక్ష చక్కగా వ్రాసినదని తెలిసింది. సీటు మాట పరీక్ష చూసుకొంటుంది. పరీక్ష వ్రాసే అవకాశం మాత్రం వరదలో కొట్టుకొని పోలేదు.

గన్నవరం దగ్గర మళ్ళీ సీతమ్మగారి పేరు చదివాను. ఆ తల్లికి తన ఇంట్లో గింజలు ఎన్ని ఉన్నాయో, ఇంకా ఎందరు ఆకలితో రావచ్చునో ఎప్పుడూ ఎరుకలో ఉండి ఉంటుంది. నా ఫోనులో ఎంత ఉన్నదో నాకు తెలియదు. ఎవరు రావచ్చునో నేను ఆలోచించలేదు. ఇప్పుడు రోజూ ఉదయం చూసుకొంటున్నాను.

బాలలారా, మీ ఇంట్లో తీగ తెగక ముందే ఈ పనులు చేసి ఉంచండి. పాఠ్యపుస్తకాలను దీక్షా యాప్ నుంచి ముందే దించి పెట్టుకోండి. తరువాత ఇంటర్నెట్టు లేకుండా చదువుకోవచ్చు. ముఖ్యమైన నంబర్లు కాగితం మీద వ్రాసి గోడకు అంటించండి. వీలైతే ఇంట్లో రెండు ఫోనులు రెండు కంపెనీలవి ఉండేటట్టు చూడమని పెద్దలతో చెప్పండి. గడువు ఉన్న పని చివరి రోజుకు ఉంచకండి.

ఇక మీకు ఒక లెక్క. సెకనుకు 8 కిలోబైట్ల దారిలో 2 మెగాబైట్ల బొమ్మ పంపడానికి ఎంతసేపు పడుతుంది? దానినే 64 కిలోబైట్లకు కుదిస్తే ఎంతసేపు? ఫోను ముట్టుకోకుండా, చిట్టిలాగా నోటుబుక్కులో చేయండి.